కొత్త గుండిగలో పరమాన్నం

పిల్లల్ని జట్లుగా విడగొట్టడమే నా ఉద్యోగం. డ్రిల్లు మాస్టారిగా చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా నేను చేసింది అదే. కలపమని నన్ను అడిగింది ఒకే ఒక్కసారి.

ఆ సంగతి చెప్పమని మొన్న ఇద్దరు కుర్ర మాస్టర్లు మా ఇంటికి వచ్చారు. పిల్లల మధ్య ఐకమత్యం పెంచడానికి వాళ్ల బడిలో ఒక రాత్రి బస శిబిరం పెట్టాలట. మేం పెట్టిన శిబిరం ఫొటో ఒకటి వాళ్ల ఫోన్లో ఉంది. అరిటాకుల ముందు బారులు తీరి కూర్చున్న పిల్లలు, వంగి వడ్డిస్తున్న ఒక ఆడపిల్ల. ఎంత బాగుందో సార్, మీరు ఏమేం ఆటలు ఆడించారో చెప్పండి, మేమూ అలాగే చేస్తాం అన్నారు. వాళ్లకి కాఫీ ఇచ్చి, ఆటల గురించే చెప్పి పంపించాను. వాళ్లు వెళ్లిపోయాక నా మీద నాకే విసుగేసింది. చెప్పాల్సింది భోజనాల గురించి. అది ఇక్కడ రాస్తున్నాను. చదివి మీరు బాగుపడిపోతారని కాదు, ఆ ఆశ నాకెప్పుడో పోయింది. ఆ ఫొటోలో ఏముందో ఎవరో ఒకరు చెప్పి ఉండాలి కదా.

మా బడి కంకిపాడు నుంచి కరకట్ట వైపు వెళ్లే దారిలో ఒక పెద్ద ఊళ్లో ఉంది. వరీ, పసుపూ, కందా పండించే రైతుల ఊరు. ఇప్పుడు సగం మంది పొలాలు కౌలుకిచ్చి బెజవాడలో వ్యాపారాలు చేసుకుంటున్నారు. కట్ట దిగితే ఏటి ఒడ్డున చేపలు పట్టుకుని బతికేవాళ్ల పేట ఉంది. ఆ పేటలో ఉన్న చిన్న బడిని, పిల్లలు తగ్గిపోయారని మూసేసి మా బడిలో కలిపారు. కలిపారంటే హాజరుపట్టీలో కలిపారు. క్లాసులో ఆ పిల్లలంతా వెనక కిటికీ పక్కన ఒకచోట కూర్చునేవాళ్లు. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. వేరేచోట కూర్చోమనీ ఎవరూ చెప్పలేదు.

ఆ పిల్లల్లో పదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉండేది. అంత ఖోఖో ఆడే పిల్లని నా సర్వీసులో చూడలేదు. స్తంభం దగ్గర వంగి తిరిగిందంటే తరిమేవాడు రెండడుగులు ముందుకి పోయి పడేవాడు. జిల్లా జట్టుకి ఎంపికైంది. స్పోర్ట్స్ కోటాలో బెజవాడలో ఇంటర్ సీటు వస్తుందని నేను లెక్కలు వేసుకుంటున్నాను. ఆ పిల్లకి చదువు మీద కూడా ఇష్టమే. లెక్కలు రాకపోతే నా దగ్గరికి వచ్చి అడిగేది, నాకు మాత్రం వస్తే కదా.

ఒకరోజు పొద్దున క్లాసులో ఎవరో ఆ పిల్ల కూర్చునే బెంచీ మీద బాడీ స్ప్రే కొట్టారు. బెంచీ మీద, ఆ పిల్ల పుస్తకాల సంచీ మీద, సీసా అయిపోయేదాకా కొట్టారు. క్లాసంతా నవ్వారు. ఎవరు కొట్టారో ఎంత గద్దించినా బయటికి రాలేదు. ఆ పిల్ల ఆ రోజు సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, మర్నాటి నుంచి బడికి రావడం మానేసింది.

వాళ్లమ్మ మా ఊరికి కొత్త కాదు. తెల్లారేసరికి తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మడానికి వస్తుంది. ఏ ఇంట్లో ఎవరికి ఏ చేప ఇష్టమో, ఎవరికి ముల్లు తీసి పెట్టాలో కూడా ఆవిడకి తెలుసు. మా ఆవిడకైతే ఆవిడ కోసిచ్చిన చేప తప్ప ఇంకో చేప నచ్చదు. పిల్లని బడికి పంపమని అడగడానికి నేను పేటకి వెళ్దామనుకునేలోపే ఆవిడే బడికి వచ్చి, ఆఫీసు గది బయట నిలబడింది.

అప్పటికే మా హెడ్‌మిస్ట్రెస్ గారు, సైన్సు చెప్పే కుర్ర టీచరమ్మ కలిసి ఈ శిబిరం సంగతి ఆలోచించారు. ఆ టీచరమ్మ ఏదో శిక్షణకి వెళ్లొచ్చింది. మనసున్న పిల్ల, బాడీ స్ప్రే సంగతి విని ఏడ్చేసింది కూడా. ఒక పగలు, ఒక రాత్రి పదో తరగతి పిల్లలంతా ఒకచోట ఆడి, వండుకుని, తిని, పడుకుంటే మనసులు కలుస్తాయని ఆవిడ నమ్మకం. ఆ మాటే మేడం ఆ తల్లితో చెప్పారు. ఆవిడ అంతా విని నా వైపు తిరిగింది.

"మాస్టారూ, మీరు దాన్ని ఆడించారు కాబట్టి మీతో చెబుతున్నా. ఆ ఒక్క రాత్రీ మీ పిల్లలతో కలిసి తిని పడుకుని, మర్నాడు అది నవ్వుతా నా దగ్గరికొస్తే టెంత్ పూర్తిచేయిస్తా, ఆపైనా చదివిస్తా. లేదంటే మా చెల్లెలు బందరు వైపు రొయ్యల షెడ్డులో చేస్తా ఉంది. దాని దగ్గరికి పంపించేస్తానండి."

నేను సరేనన్నాను. ఆ క్షణం నుంచి ఆ శిబిరం నాకు ఐకమత్యం కోసం కాదు, ఆ పిల్ల కోసం.

శిబిరం కార్తీక మాసంలో పెట్టారు. మన వైపు కార్తీకమంటే తెలుసు కదా, ఏ తోటలో చూసినా వనభోజనాలే. మా స్కూలు కమిటీలో ఒక పెద్దమనిషి కరకట్ట పక్కన తన జామతోట ఇస్తానన్నాడు. అందులో పైన గదులున్న ఇల్లు ఉంది, ఆడపిల్లలకి బాగుంటుంది. వనభోజనాల్లాగే ఎవరింటి నుంచి వాళ్లు ఒక వంటకం తేవాలి, అన్నమూ పప్పూ మాత్రం పిల్లలు అక్కడే కలిసి వండాలి అని తీర్మానించారు. నేను ఒక మాట అడ్డం వేశాను. ఈ ఊళ్లో వనభోజనాలు ఏ కులం వాళ్లు ఆ కులానికి విడివిడిగా పెట్టుకుంటారు కదా మేడం, కలపడానికి మనం దాన్నే ఎత్తుకోవడమేమిటి అన్నాను. అందుకే కదా మాస్టారూ, ఇది అందరికీ కలిపి పెడుతున్నాం అన్నారావిడ. వినడానికి బాగానే ఉంది.

కార్తీకంలో పేట వాళ్లు ఏం తెస్తారోనని మేడం గారికి బెంగ. మీ పేట పిల్లలు ఏమీ తేనక్కర్లేదు, గ్లాసులు తెస్తే చాలని ఆ తల్లికి కబురు పంపారు. మంచిమనసుతోనే పంపారు. ఆ తల్లి మర్నాడు తట్ట గేటు బయట దింపి లోపలికి వచ్చింది.

"కార్తీకం మాకూ ఉందండీ అమ్మగారూ. సోమవారాలు మేమూ ఉపవాసాలుంటాం. అందరూ తెస్తుంటే మేం గ్లాసులు తెచ్చుకుని కూర్చుంటామా?"

ఇక వడ్డన దగ్గరికి వద్దాం. అసలు పొరపాటు అక్కడే జరిగింది. మన జిల్లాలో భోజనం పెట్టడమంటే ఆకులో వేసి ఊరుకోవడం కాదు. ఇంటివాళ్లు చేత్తో గరిటె పట్టుకుని, వద్దంటున్నా కొసరి కొసరి వెయ్యాలి. అలా వెయ్యకపోతే పెళ్లిళ్లలో అలిగి లేచిపోయినవాళ్లని చూశాను. ఆ గర్వం మా స్టాఫ్ అందరి ఒంట్లో ఉంది. అందుకే ఎవరింటి వంటకం ఆ పిల్లే తన చేత్తో వరస మొత్తానికి వడ్డించాలి అని టీచరమ్మ అన్నప్పుడు, భలే భలే అన్నారందరూ. గిన్నెలన్నీ ఒక బల్ల మీద పెట్టేసి మనమే వడ్డిద్దామని నేనన్నాను.

"అలా అయితే ఏది ఎవరింటిదో పిల్లలకి ఎలా తెలుస్తుంది సార్?" అంది టీచరమ్మ.

తెలియకూడదనే కదా తల్లీ నేను చెబుతోంది. కానీ ఆ మాట పైకి అనలేదు. అంటే, ఈ ముసలాడికి పిల్లల మీద నమ్మకం లేదనుకునేవాళ్లు. నిజంగానే లేదు.

శిబిరం పగలంతా ఎంత బాగా గడిచిందో చెప్పకపోతే అబద్ధమవుతుంది. జట్లు నేనే వేశాను. పిల్లల్ని వరసగా నిలబెట్టి ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ అని చెప్పిస్తాను. ఒకట్లన్నీ ఒక జట్టు, రెండ్లన్నీ ఇంకో జట్టు. పిల్లలకి ఈ లెక్క తెలుసు. స్నేహితులంతా ఒకే జట్టులో పడేలా ముందే జరిగి నిలబడతారు. చెప్పడం మొదలుపెట్టబోయే ముందు నేను, ఇవాళ నాలుగు కాదు, అయిదు దాకా చెప్పండి అంటాను. వాళ్ల ఏర్పాటంతా చెదిరిపోతుంది. ఆ రోజూ అదే చేశాను. పేట పిల్లలు, ఊరి పిల్లలు పేకముక్కల్లా కలిసిపోయారు.

సగం మంది మగపిల్లలు అయ్యప్ప దీక్షలో ఉన్నారు. దీక్షలో ఉన్నవాణ్ణి పేరుపెట్టి పిలవకూడదు, తిట్టకూడదు. స్వామీ, జామచెట్టు దిగు స్వామీ, కొమ్మ విరుగుతుంది స్వామీ అని రోజంతా దండాలు పెట్టుకుంటూ తిరిగాను. తోట యజమాని కొడుకు కూడా దీక్షలోనే ఉన్నాడు. క్లాసు లీడరు, మాటకారి, చెడ్డవాడు కాదు.

ఆ పిల్ల ఖోఖో ఆడింది. తన జట్టుని ఒంటిచేత్తో గెలిపించింది. గెలవగానే ఆ జట్టులోని ఊరి అమ్మాయి ఒకతె పరిగెత్తుకొచ్చి ఆ పిల్లని రెండు చేతులా వాటేసుకుని గిరగిరా తిప్పింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కూరగాయలు తరిగారు. వాళ్ల నవ్వులు వింటూ నేను జామచెట్టు కింద కూర్చుని, నాకు నమ్మకం లేదని ఎవరితోనూ అనకపోవడమే మంచిదైంది అనుకున్నాను. టీచరమ్మ ఊలుదారం ఉండ తెచ్చి, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒకరి నుంచి ఒకరికి విసిరించింది. మధ్యలో పెద్ద వల తయారైంది. మనమంతా ఇలా ఒకరికొకరం ముడిపడి ఉన్నాం అని ఆవిడ చెబుతుంటే, పేట పిల్లవాడొకడు వల ఇంత వదులుగా ఉంటే ఏం పడదు మేడం అన్నాడు. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు.

పొద్దు వాలుతుండగా కట్ట మీద ఆటో ఆగింది. ఆ తల్లీ, పేట నుంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ దిగారు. ముగ్గురూ తలంట్లు పోసుకుని, ఉతికిన చీరలు కట్టుకున్నారు. ఆటోలోంచి ఒక గుండిగ దింపారు. తళతళా మెరుస్తోంది, దుకాణం వాడు అంటించిన కాగితం ఇంకా మూత మీద ఉంది. మూత తీస్తే కొత్త బెల్లం వేసి చేసిన పరమాన్నం. జీడిపప్పు, ఎండుకొబ్బరి, పచ్చకర్పూరం. తోటంతా ఘుమఘుమలాడింది.

అడక్కుండానే ఆ తల్లి నాకు చెప్పింది. ఇంట్లో ఏ గిన్నెలో వండినా చేప వండిన గిన్నె అంటారని, పేటలో అందరూ తలా కొంత వేసుకుని, బెజవాడ గవర్నర్‌పేట దాకా వెళ్లి గుండిగ కొనుక్కొచ్చారట. ఇంట్లో పొయ్యి కూడా వద్దని, ఏటి ఒడ్డున ఇసకలో కొత్త పొయ్యి పెట్టి వండారట. చెబుతున్నప్పుడు ఆవిడ ముఖంలో ఏ కష్టమూ లేదు. పరీక్షకి బాగా చదువుకొచ్చిన పిల్లలా ఉంది.

దీపాలు పెట్టి, పిల్లల్ని అరిటాకుల ముందు కూర్చోబెట్టాం. పగటి జట్ల ప్రకారమే, కలిసిపోయిన వరసలోనే. పులిహోర వచ్చింది, గారెలు వచ్చాయి, గుమ్మడికాయ పులుసు వచ్చింది. తెచ్చిన పిల్లలు కొసరి కొసరి వడ్డిస్తున్నారు, కూర్చున్నవాళ్లు వద్దు వద్దంటూనే వేయించుకుంటున్నారు. తర్వాత ఆ పిల్ల వంతు. ఒక చేత్తో పరమాన్నం గిన్నె, ఒక చేత్తో గరిటె పట్టుకుని వరస మొదట్లోకి వచ్చింది.

మొదట కూర్చున్నది తోట యజమాని కొడుకు. తన ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ తప్ప ఆ పూట ఇంకెవరిదీ అతను తినలేదు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, నేను దీక్షలో ఉన్నాను కదా, అన్నాడు. నిజమే, అందులో అబద్ధం లేదు. పక్కవాడు దీక్షలో లేడు. పులిహోర రెండుసార్లు వేయించుకున్నాడు. వాడూ చెయ్యి అడ్డం పెట్టి, చాలు, అన్నాడు. ఆ పక్క అమ్మాయి తీపి తిననంది. ఆ పక్కవాడు కడుపు నిండిపోయిందన్నాడు. ఆ పక్కన పేట పిల్లవాడు వేయించుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ చెయ్యి, మళ్లీ చెయ్యి.

ఎవరూ ముక్కు మూసుకోలేదు. ఎవరూ నవ్వలేదు. ఒక్కరంటే ఒక్కరు చెడ్డమాట అనలేదు. అదే నా ప్రాణం తీసింది. ఒక్కడు వెకిలిగా ఏమైనా అని ఉంటే వాణ్ణి చెవి పట్టుకుని లేపి, నాలుగు వాయించి, ఏదో ఒకటి చేసేవాణ్ణి. ఇంత మర్యాదని ఏం చెయ్యను? విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం మన పెద్దలు నేర్పిన మర్యాదే కదా.

పొద్దున ఆ పిల్లని వాటేసుకుని తిప్పిన అమ్మాయి వరస మధ్యలో ఉంది. గరిటె దగ్గరికి రాగానే తల వంచుకుని, పన్ను నొప్పిగా ఉంది, అంది. ఆ అమ్మాయి ఆకులో సగం కొరికిన గట్టి చెక్కవడ ఉంది.

నేను జట్లు కలిపిన తీరు చూశారా. పేట పిల్లలందర్నీ ఒకచోట కూర్చోనిచ్చి ఉంటే అంతగా కనిపించేది కాదు. వరస పొడుగునా అక్కడొక ఆకులో, ఇక్కడొక ఆకులో పరమాన్నం. ఎవరు ఎవరో ఆ దీపాల వెలుగులో దూరం నుంచి కూడా చెప్పెయ్యొచ్చు. అంత పనితనంతో నేను ఎప్పుడూ విడగొట్టలేదు.

నేను వెళ్లి వరస చివర ఆకు ముందు కూర్చున్నాను. వెయ్యమ్మా అన్నాను. తిని, ఎంత బాగుందో అని గట్టిగా అన్నాను. ఇంకా వెయ్యమన్నాను. మళ్లీ వెయ్యమన్నాను. వరసంతా నన్నే చూస్తోంది. నాటకంలో వేషం కట్టినవాణ్ణి చూసినట్టు చూస్తోంది. ఆ పిల్ల వంగి, నాకు మాత్రమే వినపడేలా, "చాల్లెండి సార్," అంది. మేడం గారు ఆ నెలంతా రాత్రిళ్లు పలహారమే. చేతిలో కాస్త వేయించుకుని, కళ్లకద్దుకుని, గిన్నెలో పెట్టి పక్కన పెట్టారు. టీచరమ్మ ఫోన్‌తో ఫొటోలు తీస్తోంది. తీస్తూనే ఉంది.

ఆ తల్లి కుళాయి దగ్గర నిలబడి అంతా చూసింది. భోజనాలయ్యాక కూతురి దగ్గరికి వెళ్లి, పదవే ఇంటికి, అంది. ఆ పిల్ల రానంది. పొద్దున్నే కట్ట మీద పరుగు పందెం ఉంది, తను లేకపోతే జట్టు ఓడిపోతుందంది. ఆవిడ గుండిగకి మూత పెట్టి, అక్కడే వదిలేసి ఆటో ఎక్కింది.

మర్నాడు పొద్దున పందెంలో ఆ పిల్లే గెలిచింది. ఈసారి చప్పట్లు మాత్రమే కొట్టారు. తర్వాత గుండ్రంగా కూర్చోబెట్టి, ఈ శిబిరం నుంచి ఏం తీసుకెళ్తున్నారో చెప్పమంది టీచరమ్మ. స్నేహం అన్నారు, ప్రేమ అన్నారు. తోట యజమాని కొడుకు మనమంతా ఒక్కటే అని ఎంతో చక్కగా మాట్లాడాడు. మాట్లాడేటప్పుడు అతను నిజంగా నమ్మాడు, నాకు అనుమానం లేదు. ఆ పిల్ల వంతు వచ్చింది. చాలా బాగుంది మేడం, అంది. ఆ మర్యాద తనూ నేర్చేసుకుంది.

ఆటో వచ్చింది. ఆ తల్లి దిగింది. ఆ పిల్ల సంచీ భుజాన వేసుకుని తల్లికి ఎదురు వెళ్లింది. నవ్వుతూ వెళ్లింది. పళ్లన్నీ కనపడేలా, పరుగు పందెంలో గెలిచినప్పుడు కూడా నవ్వనంత నవ్వింది. తల్లి పెట్టిన షరతు ఆ పిల్లకి తెలుసు. దానికి చదువుకోవాలని ఉంది.

ఆవిడ కూతురి ముఖం వంక చూస్తూ ఉండిపోయింది. నేను గబగబా దగ్గరికి వెళ్లి, చూడండి, నవ్వుతూ వస్తోంది కదా, అన్నాను.

"చేపలమ్ముకునేదాన్ని మాస్టారూ. పైకి నవ్వే నవ్వులు నాకు తెలీవా," అంది. కూతురి సంచీ అందుకుని, "ఇది కూడా నేర్చుకుంది ఇక్కడ. ఇంక చాలండి," అంది.

ఇంకో నాలుగు నెలలే కదా, పరీక్షలు రాయించండి అన్నాను. నేనే రోజూ వచ్చి తీసుకెళ్లి దింపుతానన్నాను. ఆవిడ కోప్పడలేదు. మీరు మంచోళ్లేనండి, అంది. గుండిగ ఎత్తడానికి ఆటో వాడు కూడా సాయం పట్టాల్సొచ్చింది. తెచ్చిన బరువు ఎంతో తీసుకెళ్లిన బరువూ దాదాపు అంతే.

టీచరమ్మ తీసిన ఫొటోల్లో ఒకటి మేడం పైకి పంపారు. పైవాళ్లకి బాగా నచ్చి, మిగతా బళ్లకి నమూనాగా పంపించారు. మీ ఫోన్లలో ఉన్నది అదే. ఈసారి చూసినప్పుడు పిల్లల ముఖాలు చూడకండి, అరిటాకుల మీద చేతులు చూడండి. అవి ఇంకా వెయ్యమని చాపినవి కావు.

కార్తీకం వెళ్లిపోయింది. పోలి పాడ్యమి తర్వాత వచ్చిన మొదటి ఆదివారం మా ఊళ్లో చేపల దగ్గర ఎలా ఎగబడతారో మీకు చెప్పక్కర్లేదు. నెలరోజులు నోరు కట్టుకున్న జనం. బడి గేటు ఎదురుగా ఆ తల్లి కూర్చుంది. పక్కన కత్తిపీట ముందు ఆ పిల్ల. సోమవారం పొద్దున బస్సుకి వాళ్ల పిన్ని దగ్గరికి వెళ్లిపోతోందట. మధ్యలో ఆ గుండిగ, నిండా నీళ్లు, నీళ్లలో బతికున్న కొరమీనులు. కొత్తది, ఊరికే ఉంచి ఏం చేసుకుంటామండీ, అంది ఆవిడ నన్ను చూసి.

చుట్టూ మా ఊరి ఆడవాళ్లు, వాళ్లతో వచ్చిన పిల్లలు. పన్ను నొప్పి అన్న అమ్మాయీ ఉంది, వాళ్లమ్మ సంచీ పట్టుకుని. నాకు ఇది, కాదు అది, పెద్దది నాకు అంటూ అన్ని చేతులూ ఆ గుండిగ మీదికి చాపారు. నా చేతిలోనూ మా ఆవిడ ఇచ్చి పంపిన గిన్నె ఉంది. ఆ పిల్ల ఎవరి ముఖమూ చూడకుండా పొలుసు తీసి, ముక్కలు కోసి, గిన్నెల్లో వేస్తోంది. నా గిన్నె కూడా అందుకుంది. నిండా వేసి నా చేతికిచ్చి, తల ఎత్తకుండానే అడిగింది.

"తర్వాత ఎవరండీ?"